మీటరు మేడ కింద, యాంటెన్నా మేడ మీద

ప్రశ్న: మాది గూడూరు. ఉద్యోగం చెన్నైలో. వేళచ్చేరిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉంటాను. హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు వచ్చి ఏడాదైంది. 50 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టుకి 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ వేసి టెర్రస్ మీద యాంటెన్నా నిలబెట్టాను. కేబుల్, మీటరు రెండూ ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో దొరికినవే. సెట్టు పక్కన పెట్టిన మీటరు 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఫార్వర్డ్ 50, రిఫ్లెక్టెడ్ 3 చూపిస్తోంది. అంటే ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఏ మేరకు వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరగనట్టు) 1.7. పర్వాలేదనుకున్నాను. కానీ పెరంబూరులో ఉన్న నా ఫ్రెండు 25 వాట్లతో మాట్లాడితే అందరికీ బాగా వినిపిస్తుంది, నన్నేమో గరగరమంటున్నావు అంటారు. ఇంకో సందేహం. నా 100 వాట్ల హెచ్‌ఎఫ్ (ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీల) సెట్టుకి ట్యూనర్ (యాంటెన్నాని సెట్టుకి సరిపెట్టే పెట్టె) పెట్టి, ట్యూనర్ తర్వాత వేరే మీటరు పెడితే 7 మెగాహెర్ట్జ్‌లో ఫార్వర్డ్ 133, రిఫ్లెక్టెడ్ 33 వస్తోంది. 100 వాట్ల సెట్టు 133 ఎలా ఇస్తుంది? వెనక్కొచ్చే ఆ 33 సెట్టుని కాల్చేస్తాయని ఒకాయన భయపెట్టాడు. మీటర్లు మార్చాలా, యాంటెన్నాలు మార్చాలా?

— ఒక పాఠకుడు, వేళచ్చేరి

సమాధానం: ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు ఆ వీహెచ్‌ఎఫ్ మీటరుని చేత పట్టుకుని టెర్రస్ ఎక్కండి.

మీ మీటరు అబద్ధమేమీ చెప్పలేదు. నా ముందు నుంచి 50 వాట్లు పైకి వెళ్లాయి, 3 వాట్లు తిరిగొచ్చాయి అంది, అంతే. వెళ్లినవాటిలో యాంటెన్నా దాకా ఎన్ని చేరాయో దానికెలా తెలుస్తుంది?

మీది గూడూరు అంటున్నారు కాబట్టి మన కాలవ లెక్కతోనే చెబుతాను. తెలుగుగంగ ఒప్పందంలో మద్రాసుకి కేటాయించింది 15 టీఎంసీలు. దారి నష్టాల కింద 3 తీసేసి, సరిహద్దులో అప్పజెప్పాల్సింది 12 అని రాసుకున్నారు. కండలేరు జలాశయంలో ఎంత వదిలారన్నది ఒక లెక్క, ఊత్తుకోట దగ్గర సరిహద్దులోని జీరో పాయింట్‌లో ఎంత అందిందన్నది ఇంకో లెక్క. సత్యసాయి ట్రస్టు కాలవ బాగుచేయించక ముందు ఈ రెండు లెక్కలకీ పొంతన ఉండేది కాదు. చెన్నైలో కుళాయి తిప్పేవాళ్లకి పనికొచ్చేది రెండో లెక్క. మీరు చూసుకుని మురిసిపోతున్నది మొదటిది.

కాలవకీ కేబుల్‌కీ ఒక తేడా ఉంది. కాలవ చివరనున్న పూండి చెరువు వద్దంది కదా అని నీళ్లు కండలేరుకి వెనక్కి నడవవు. కేబుల్‌లో వాట్లు నడుస్తాయి, తిరుగు దారిలో కూడా ఇంకుతూనే వస్తాయి. మీ చిక్కు అక్కడుంది.

లెక్క వేద్దాం. ఆర్‌జీ-58 పెన్సిల్ కంటే సన్నటి కేబుల్. 145 మెగాహెర్ట్జ్‌లో 15 మీటర్ల ముక్క, కొత్తదైనా సరే, సుమారు 3 డీబీ (డెసిబెల్, నష్టాన్ని చెప్పే కొలత) తినేస్తుంది. 3 డీబీ అంటే సగం. కింద 50 వాట్లు వదిలితే పైకి చేరేవి 25. మీ మీటరు దగ్గరికి తిరిగొచ్చినవి 3 అంటే, యాంటెన్నా దగ్గర బయల్దేరినప్పుడు అవి 6. అంటే యాంటెన్నా తనకి అందిన 25లో నాలుగో వంతు తిప్పికొడుతోంది. అక్కడ అసలు ఎస్‌డబ్ల్యూఆర్ 1.7 కాదు, 3. గాల్లోకి పోతున్నవి 19 వాట్లు. సెట్టు దాకా తిరిగొచ్చిన 3 పోగా మిగతా 28 వాట్లు మీ నాలుగో అంతస్తు నుంచి టెర్రస్ దాకా కేబుల్‌ని గోరువెచ్చగా ఉంచడానికి సరిపోతున్నాయి.

అయితే 19 వాట్లు మరీ తీసిపారేసేవి కావు. వేళచ్చేరి టెర్రస్ మీద 19 వాట్లున్నవాణ్ణి గరగర అనరు. అందుకని నాకు ఇంకో అనుమానం. మీ కేబుల్ సెకండ్‌హ్యాండ్ అన్నారు. అది 3 డీబీ కాకుండా 5 డీబీ తింటోందనుకోండి. అప్పుడు పైకి చేరేవి 16. కింద 3 కనిపించాలంటే పైన దాదాపు తొమ్మిదిన్నర వెనక్కి తిరగాలి. గాల్లోకి పోయేవి 6 వాట్లు. ఇంకొంచెం పాడై 6 డీబీ తింటోందనుకోండి, పైకి చేరేవి పన్నెండున్నర, వెనక్కి బయల్దేరేవి 12. అంటే యాంటెన్నా ఉన్నా లేనట్టే. ఈ మూడు సందర్భాల్లోనూ మీ సెట్టు పక్కన మీటరు చూపించేది ఒక్కటే: 50, 3, ఎస్‌డబ్ల్యూఆర్ 1.7. ఈ మూడింట్లో మీది ఏదో కింద కూర్చుని తేల్చడం ఎవరివల్లా కాదు.

నమ్మబుద్ధి కాకపోతే నా కథ వినండి. మేముండేది తిరువొత్తియూరులో, సముద్రానికి దగ్గర. గేటు తాళం దగ్గర్నుంచి గ్రిల్లు దాకా అన్నీ ఉప్పుగాలికి తుప్పుపట్టే చోటు. కొత్తలో నా వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా 1.9 చూపించేది. ఏడాది తిరిగేసరికి 1.7 అయింది, ఆ తర్వాత 1.5. నేనేమీ ముట్టుకోకుండానే బాగుపడుతోందని సంబరపడ్డాను, తోటివాళ్ల దగ్గర గొప్పలు కూడా చెప్పాను. 2015 డిసెంబరు వానలు వెలిశాక, వడియాలు పెట్టడానికి యాంటెన్నా పైపుకి కట్టిన చీర తీయమని మా ఆవిడ అంటే పైకెళ్లాను. కనెక్టరు చేత్తో ముట్టుకోగానే ఊడి వచ్చింది. లోపలి రాగి తీగ ఎప్పుడు తెగిందో, చివర ఆకుపచ్చగా పొడి పట్టి ఉంది. యాంటెన్నాకీ కేబుల్‌కీ సంబంధమే లేదు. కిందకి దిగి మీటరు చూస్తే అప్పుడూ 1.5!

బ్లేడు పెట్టి కేబుల్ పై తోలు జానెడు మేర చీల్చాను. మెరుస్తూ ఉండాల్సిన జల్లెడ తీగ బొగ్గులా నల్లబడిపోయి ఉంది. రెండు వేళ్లతో నొక్కితే చెమట పట్టినట్టు నీటి చుక్కలు. ఆ కేబుల్ ఒక దారికి 7 డీబీ తింటోంది. కింద 50 వదిలితే పైకి 10 చేరి, మొత్తం 10 వెనక్కి తిరిగి, కిందకి 2 వస్తున్నాయి. 50కి 2 అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 కాక ఇంకేం చూపిస్తుంది పాపం! దగ్గరి స్టేషన్లు ఎలాగూ వినిపిస్తూనే ఉండేవి కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఏ సర్దుబాటూ చేయకుండా ఎస్‌డబ్ల్యూఆర్ ఏటేటా తగ్గుతుంటే పండగ చేసుకోకూడదు, నిచ్చెన వెతుక్కోవాలి.

ఇక మీరు చేయాల్సిన పని. ఎండెక్కకముందే పెట్టుకోండి. కావలసినవి మీటరు, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలిస్తే పవర్‌ని వెనక్కి పంపకుండా మింగేసేది), కింద సెట్టు దగ్గర కూర్చుని బటన్ నొక్కడానికి లైసెన్సున్న మరో మనిషి. పెరంబూరు ఫ్రెండుని టిఫిన్‌కి పిలవండి. సెట్టు ఎఫ్‌ఎంలోనే ఉంచండి. ఎఫ్‌ఎంలో క్యారియర్ (మాటని మోసే తరంగం) కదలకుండా నిలబడుతుంది కాబట్టి ముల్లు కూడా నిలబడుతుంది. ఎస్‌ఎస్‌బీ అనే ఇంకో పద్ధతిలో అయితే మాటతో పాటు ముల్లు ఎగురుతుంది, అంకె చదవలేరు.

మొదట కింద, సెట్టుకి పొట్టి ముక్కతో మీటరు, దానికి నేరుగా డమ్మీ లోడ్. 50కి దగ్గర్లో వచ్చిందా, రిఫ్లెక్టెడ్ సున్నా దగ్గర ఉందా చూసి రాసుకోండి. ఉంటే మీటరూ సెట్టూ మంచివే. తర్వాత కేబుల్‌ని నేరుగా సెట్టుకి తగిలించి, మీటరునీ లోడ్‌నీ పైకి తీసుకెళ్లి కేబుల్ పై కొసకి పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఐదారు సెకన్లు నొక్కమనండి. ఈ అంకె మీ జీరో పాయింట్. 25 వచ్చిందా, ఆర్‌జీ-58 చేయాల్సినంత దుబారానే చేస్తోంది. 16 వచ్చిందా, 12 వచ్చిందా, ఆ కేబుల్‌ని చుట్టచుట్టి పాత సామానువాడికి వేసేయండి. మూడోసారి లోడ్ తీసి దాని స్థానంలో యాంటెన్నా తగిలించి, ఫార్వర్డ్, రిఫ్లెక్టెడ్ రెండూ చదవండి. అక్కడ వచ్చే ఎస్‌డబ్ల్యూఆర్ ఒక్కటే మీ యాంటెన్నా అసలు జాతకం. బటన్ నొక్కి ఉన్నంతసేపూ యాంటెన్నా మీద చెయ్యి వేయొద్దు, దగ్గరగా మొహం పెట్టొద్దు. 50 వాట్ల రేడియో పవర్ కాల్చిందంటే బొబ్బ చిన్నదే, నొప్పి పెద్దది.

ఇవాళారేపు కేబుళ్లనీ యాంటెన్నాలనీ కొలిచే, అరచేతిలో ఇమిడే నానోవీఎన్‌ఏ చాలామంది దగ్గర ఉంటోంది. అరువు దొరికితే పని ఇంకా తేలిక. కేబుల్ పై కొస ఊడదీసి ఖాళీగా వదిలేసి, కింద నుంచి రిటర్న్ లాస్ (పంపింది తిరిగొచ్చేసరికి ఎంత తగ్గిందో) చూడండి. అందులో సగం కేబుల్ ఒక దారి నష్టం. మంచి ఆర్‌జీ-58 అయితే రిటర్న్ లాస్ 6 డీబీ వస్తుంది, అంటే కొసన ఏమీ లేకపోయినా ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటదు. ఈ పరీక్ష సెట్టుతో మాత్రం చేయకండి.

కేబుల్ మార్చాలని తేలితే లావుపాటి ఆర్‌జీ-213 వేయండి. అదే 15 మీటర్లకి 1.3 డీబీ అటూ ఇటూ తింటుంది. 50 వదిలితే 37 చేరతాయి. ఇక్కడో విచిత్రం చూస్తారు, ముందే చెబుతున్నాను కంగారు పడకండి. యాంటెన్నాని ముట్టుకోకుండా కేబుల్ ఒక్కటే మారిస్తే, సెట్టు పక్కన మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ 1.7 నుంచి 2.2కి పెరుగుతుంది. ఖర్చు పెట్టి పాడుచేసుకున్నానని అనిపిస్తుంది. కానీ గాల్లోకి పోయేవి 19 నుంచి 28 వాట్లవుతాయి. వెనక్కొచ్చే పవర్‌ని దాచిపెట్టే కేబుల్ పోయింది కాబట్టి ఇప్పుడు అది కనిపిస్తోంది, అంతే. కేబుల్ వదిలేసి యాంటెన్నా ఒక్కటే సరిచేస్తే వచ్చేవి 25. అంటే ముందు కేబుల్, తర్వాత యాంటెన్నా. రెండూ చేస్తే 37. ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటితే కొన్ని సెట్లు వాటంతటవే పవర్ తగ్గించుకుంటాయి, కాబట్టి రెండో పని ఎక్కువ రోజులు వాయిదా వేయకండి.

టీవీ కేబుల్ చవగ్గా వస్తోంది, వేద్దామా అని మీరు అడగలేదు గానీ ప్రతి ఉత్తరంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. వేయొచ్చు. అది 75 ఓమ్‌లది, మీటరు 50 ఓమ్‌లది. మీటరు చూపించే ఎస్‌డబ్ల్యూఆర్ ఆ కేబుల్ మీది నిజమైన ఎస్‌డబ్ల్యూఆర్ కాదు. అయినా ఫార్వర్డ్‌లోంచి రిఫ్లెక్టెడ్ తీసేస్తే వచ్చే వాట్లు మాత్రం మీటరు ఉన్న చోటికి సరైనవే. ఆ తీసివేత ఏ కేబుల్‌లో అయినా నమ్మొచ్చు.

ఆ తీసివేతే మీ రెండో ప్రశ్నకి జవాబు. 133లోంచి 33 తీస్తే 100. ట్యూనర్ తినే కొద్దిపాటిది పక్కన పెడితే మీ సెట్టు ఇస్తున్నది సరిగ్గా అంతే. ఆ అదనపు 33 కొత్త వాట్లు కావు. యాంటెన్నా వెనక్కి పంపినవి ట్యూనర్ దాకా వచ్చి, అక్కడ తలుపు మూసి ఉండటంతో మళ్లీ పైకి తిరిగి, సెట్టు నుంచి వచ్చే 100తో కలిసి నడుస్తున్నాయి. నిన్న అప్పు తీసుకున్న 33 రూపాయలు ఇవాళ తిరిగిచ్చి, సాయంత్రం మళ్లీ అడిగి తీసుకునే పక్కింటాయన ఉంటాడే, అలాగన్నమాట. గల్లాపెట్టెలోంచి రోజూ 133 బయటికి పోతున్నట్టు కనిపిస్తుంది, ఖర్చయ్యేది 100. ఫార్వర్డ్ ఒక్కటే చూసి నా సెట్టు 133 వాట్లు కొడుతోందని చెప్పుకునేవాళ్లని నేను చూశాను. వాళ్ల యాంటెన్నా ఎంత చెడిపోతే అంత గొప్ప సెట్టవుతుంది!

సెట్టు కాలిపోతుందన్న భయం సగం నిజం, సగం చాదస్తం. వెనక్కొచ్చిన పవర్ సెట్టులో దూరి వేడైపోతుందన్నది చాదస్తం. ట్యూనర్ లేకుండా నేరుగా తగిలిస్తే సెట్టుకి 50 ఓమ్‌ల లోడ్ బదులు మరేదో లోడ్ కనిపిస్తుంది. దాన్ని బట్టి చివరి ట్రాన్సిస్టర్ల మీద వోల్టేజో కరెంటో హద్దు దాటుతుంది. దెబ్బ తగిలేది అందువల్ల. దాన్ని ఆపడానికే సెట్టులో రక్షణ ఉంటుంది. మీరు ట్యూనర్ పెట్టి సెట్టుకి 50 ఓమ్‌లు కనిపించేలా చేశారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్‌లో 15 మీటర్ల ఆర్‌జీ-58 తినేది అర డీబీకి కాస్త అటూ ఇటూ. ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉన్నందుకు ఇంకో పిసరు కలుస్తుంది. హెచ్‌ఎఫ్‌ని అలాగే వదిలేయండి.

వోల్టేజ్ కొలిచి వాట్లు లెక్కగట్టేవాళ్లు కూడా ఎదురవుతారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. కేబుల్ మధ్యలో ఎక్కడో ప్రోబ్ పెట్టి, వచ్చిన వోల్టేజ్‌ని వర్గం చేసి 50తో భాగిస్తారు. అంతా మ్యాచ్ అయి, వెనక్కి ఏమీ రాకుండా ఉంటే అది సరైనదే. 100 వాట్లకి ఎక్కడ కొలిచినా 71 వోల్టులు వస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉన్న కేబుల్ మీద ఒక చోట 122 వోల్టులు, ఇంకో చోట 41. మొదటి చోట లెక్కగడితే 300 వాట్లు, రెండో చోట 33. సెట్టు అదే, యాంటెన్నా అదే! 7 మెగాహెర్ట్జ్‌లో ఈ రెండు చోట్ల మధ్య మీ తరహా కేబుల్‌లో 7 మీటర్ల దూరం. 145 మెగాహెర్ట్జ్‌లో అయితే జానెడున్నర. అంటే మధ్యలో ఒక చిన్న జంపర్ ముక్క కలిపితే చాలు, జవాబు తిరగబడిపోతుంది. నిజం కావాలంటే గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ గుణించి 50తో భాగించాలి. 122న్నర ఇంటూ 41 దగ్గర దగ్గర 5000. దాన్ని 50తో భాగిస్తే 100 వచ్చేస్తుంది. ఎక్కడ పెట్టినా ఫార్వర్డ్‌నీ రిఫ్లెక్టెడ్‌నీ విడదీసి చూపే మీటరు ఉండగా ఈ తంటా మీకెందుకు?

అలాంటి మీటరుకి కూడా జంపర్ ముక్క కలిపినప్పుడల్లా ఎస్‌డబ్ల్యూఆర్ బాగా మారిపోతుంటే అనుమానించాల్సింది వేరే. కేబుల్ జల్లెడ బయటి వైపున కరెంటు పారుతూ కేబులే యాంటెన్నాలో భాగమైపోయి ఉండొచ్చు. యాంటెన్నా మొదట్లో కేబుల్‌ని నాలుగైదు చుట్లు చుట్టగా కట్టి మళ్లీ చూడండి. చాలాసార్లు అక్కడితో తిక్క కుదురుతుంది.

ఇక మీటరు గురించి. మీ వీహెచ్‌ఎఫ్ మీటరు వెనక ఏం రాసుందో చదివారా? 27 మెగాహెర్ట్జ్ సీబీ (సిటిజన్స్ బ్యాండ్) సెట్ల కోసం చేసినవి రిచీ స్ట్రీట్‌లో కుప్పలుగా ఉంటాయి. 145లో అవి ఇష్టమొచ్చినట్టు చూపిస్తాయి. 144 నుంచి 146 దాకా అందులో లేకపోతే పైన చెప్పిందంతా వేరే మీటరుతో చేయండి. కాలేజీ ల్యాబుల్లోనూ పాత హ్యామ్‌ల ఇళ్లలోనూ బర్డ్ 43 అనే బరువైన బూడిద రంగు పెట్టె కనిపిస్తుంది. మధ్యలో బాణం గుర్తున్న గుండ్రటి ఎలిమెంట్ తిప్పితే ఒకసారి ఫార్వర్డ్, ఇంకోసారి రిఫ్లెక్టెడ్. అరువు దొరికితే ఎలిమెంట్ మీద అక్షరం చూడండి. మీకు కావాల్సింది 100 నుంచి 250 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే సీ. హెచ్ అని ఉంటే అది 2 నుంచి 30 దాకానే.

దాని ఖచ్చితత్వం ఫుల్ స్కేల్‌లో 5 శాతం. చదివిన అంకెలో 5 శాతం అనుకుని పొరబడేవాళ్లే ఎక్కువ. 50 వాట్ల ఎలిమెంట్ అయితే ముల్లు ఎక్కడున్నా రెండున్నర వాట్లు అటో ఇటో ఉండొచ్చు. 50 దగ్గర రెండున్నర పెద్ద లెక్క కాదు. మీ 3 దగ్గర? అది అర వాటైనా కావచ్చు, ఐదున్నరైనా కావచ్చు. అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 నుంచి 2 దాకా ఏదైనా. అందుకే రిఫ్లెక్టెడ్ చదివేటప్పుడు 10 వాట్ల ఎలిమెంట్ వేసుకోవాలి. అది లోపల ఉండగా బాణం పొరపాటున ఫార్వర్డ్ వైపు తిప్పారో, లోపలి డయోడ్‌కి నూకలు చెల్లుతాయి. అరువు తెచ్చినది కాబట్టి జాగ్రత్త.

కొత్త కేబుల్ వేశాక పై కనెక్టరు మీద ముందు రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దానిపైన మామూలు టేపు వేయండి. యాంటెన్నాకి చేరేముందు కేబుల్‌ని కిందికి వేలాడేలా ఒక వంపు ఇవ్వండి, వాన నీళ్లు ఆ వంపులోంచే కారిపోతాయి. టెర్రస్ మీద వచ్చిన ఆ మూడు అంకెల్నీ తేదీతో సహా ఒక చీటీ మీద రాసి సెట్టు పక్కన అంటించుకోండి. జనవరిలో, ఈశాన్య రుతుపవనాల వానలు పూర్తిగా వెలిశాక, ఫ్రెండుని మళ్లీ టిఫిన్‌కి పిలిచి ఇంకోసారి కొలవండి. రెండు చీటీల అంకెలూ నాకు రాసి పంపండి, తేడా ఎంత ఉందో చూసి మిగతాది మాట్లాడుకుందాం.